ఇంగ్లండ్ పల్లెల పాత ప్యారిష్ చర్చిలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత చర్చిలను చూడబోయేవారు, చూసి వచ్చినవారు అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే. వాటిలో చాలావరకు ఒకే అపోహ నుంచి పుడతాయి: చర్చిని ఒక శిల్పి, ఒక కాలంలో, ఒక పథకం ప్రకారం పూర్తిచేశాడని అనుకోవడం. పల్లె చర్చి డబ్బున్నప్పుడు పెంచుకున్నదీ, లేనప్పుడు అతుకు వేసుకున్నదీ, రాజాజ్ఞ వచ్చినప్పుడు కొంత పడగొట్టుకున్నదీ. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదివినా అర్థమయ్యేలా ఇక్కడ కూర్చాము. కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## వెళ్లే ముందు

ప్యారిష్ చర్చి అంటే మిగతా చర్చిలకు వేరా?

ప్యారిష్ అంటే ఒక చర్చి పరిధిలోకి వచ్చే భూభాగం. తెలుగు క్యాథలిక్కులు విచారణ అనేది దీన్నే. ఇంగ్లండ్‌లో ఈ హద్దులు 12వ శతాబ్ది నాటికి చాలావరకు స్థిరపడ్డాయి. హద్దుల లోపలివారి బాప్తిస్మం, పెళ్లి, సమాధి ఆ చర్చిలోనే జరిగేవి. వారి పంటలో పదోవంతు ఆ చర్చికే చెల్లేది. సన్యాసుల మఠాల చర్చిలు, బిషప్ పీఠాలైన కెథీడ్రల్‌లు వేరు. అయితే 8వ హెన్రీ 1530లలో మఠాలను రద్దు చేసినప్పుడు కొన్ని మఠాల చర్చిలు ఊరివారి చేతికొచ్చి ప్యారిష్ చర్చిలయ్యాయి. చిన్న ఊళ్లో కెథీడ్రల్ అంత కట్టడం కనిపిస్తే ముందు ఈ సంగతి విచారించాలి.

తలుపు తీసి ఉంటుందా? టికెట్ కొనాలా?

పగటిపూట చాలా చర్చిలు తెరిచే ఉంటాయి. మూసి ఉంటే తాళం ఎవరి దగ్గర దొరుకుతుందో ముఖమండపంలో కాగితం అంటించి ఉంటుంది. పల్లె చర్చిలకు సాధారణంగా టికెట్ ఉండదు, గోడలోనో తలుపు పక్కనో విరాళాల పెట్టె ఉంటుంది. ఆదివారం ఉదయం ఆరాధన వేళ కట్టడం చూడటానికి వెళ్లకపోవడం మర్యాద.

సమయం తక్కువ. మొదటిసారి ఏవి చూడమంటారు?

ఒక్కటే చూడగలిగితే హెరిఫర్డ్‌షైర్‌లోని కిల్పెక్ చూడండి. సుమారు 1140 నాటి ఎర్ర ఇసుకరాతి చర్చి అది. ద్వారం చుట్టూ అల్లుకున్న తీగలు, పాములు, యోధులు నిన్న చెక్కినంత స్ఫుటంగా ఉన్నాయి. అంతకంటే పాతది కావాలంటే డరమ్ కౌంటీలోని ఎస్కోమ్, ఇది 7వ శతాబ్దానిది. చెక్క పైకప్పు కోసం సఫోక్‌లోని బ్లైత్‌బరా, రంగుటద్దాల కోసం గ్లోస్టర్‌షైర్‌లోని ఫెయిర్‌ఫర్డ్ చూడదగినవి. ఫెయిర్‌ఫర్డ్‌లో 1500 ప్రాంతాల నాటి 28 కిటికీల రంగుటద్దాలు దాదాపు పూర్తి వరుసగా మిగిలాయి. మరే ఇంగ్లిష్ ప్యారిష్ చర్చికీ ఆ అదృష్టం దక్కలేదు. రోజుకు మూడు చర్చిలకు మించి పెట్టుకుంటే నాలుగోదానికల్లా కమానులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

## బయట నిలబడి చూసేటప్పుడు

ఎప్పుడు కట్టారని అడిగితే ఎవరూ ఒక్క సంవత్సరం చెప్పరెందుకు?

ఒక్క సంవత్సరం లేదు కనుక. ఒక సాధారణమైన చర్చిని ఊహించండి: జనం నిలిచే నేవ్ గోడలు 11వ శతాబ్దానివి; ఉత్తరపు గోడను 12వ శతాబ్దంలో తొలిచి స్తంభాలు నిలిపి పక్కకు ఐల్ అనే నడవ పెంచారు; తూర్పున బలిపీఠం ఉండే చాన్సెల్ 13వ శతాబ్దానిది; పడమటి టవర్ 15వ శతాబ్దానిది; ముఖమండపం ఆ తరువాతది; పైకప్పు 1860లలో మార్చినది. అందుకే గోడను చదవడం నేర్చుకోవాలి. రాళ్ల వరుస హఠాత్తుగా తెగి నిలువునా అతుకు కనిపించిన చోట రెండు కాలాలు కలుసుకున్నాయని గ్రహించాలి. టవర్ తూర్పు ముఖం మీద, ఇప్పటి కప్పుకు పైన, తలకిందులైన వి ఆకారంలో రాతి గీత ఉంటే పాత పైకప్పు అంత ఎత్తున, అంత నిటారుగా ఉండేదని అర్థం. మూసేసిన కిటికీ, సగం కోసేసిన కమాను, వేరే చోటి నుంచి తెచ్చి పొదిగిన చెక్కడపు రాయి ఒక్కొక్కటీ ఊరు చేసిన ఒక ఖర్చుకో, పొదుపుకో గుర్తు.

కిటికీ చూసి కాలం చెప్పవచ్చంటారు. ఎలా?

ఇంగ్లిష్ మధ్యయుగ శైలులకు నేటికీ వాడుతున్న పేర్లను 1817లో థామస్ రిక్‌మన్ స్థిరపరిచాడు. ఆయన వరుసలో మొదటిది, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల పేరిట, నార్మన్: 1066 నుంచి సుమారు 1190 దాకా, అర్ధచంద్రాకారపు కమాను, చిన్న కిటికీ, లావు స్తంభం, కమాను అంచున రంపపు పళ్లలాంటి నగిషీ. తరువాతది ఎర్లీ ఇంగ్లిష్, సుమారు 1275 దాకా: కమాను కొనదేలింది, కిటికీ ఈటె మొనలా పొడవుగా, సన్నగా మారింది. ఇలాంటి కిటికీలు రెండు మూడు పక్కపక్కన పెట్టి, వాటి తలల మీద మిగిలిన రాతికి రంధ్రాలు పొడవడంతో మొదలై, ఆ రంధ్రాలే క్రమంగా సన్నని రాతి కడ్డీల జాలీగా ఎదిగాయి. ఆ జాలీ మంటలా, ఆకులా మెలికలు తిరిగితే అది డెకరేటెడ్, 14వ శతాబ్ది మధ్య దాటేదాకా. ఆ మెలికలు పోయి కడ్డీలు కింది నుంచి కమాను దాకా నిటారుగా లేచి, కిటికీ మొత్తం నిలువు గళ్లుగా కనిపిస్తే అది పెర్పెండిక్యులర్. 16వ శతాబ్దపు మత సంస్కరణ దాకా, అంటే ఇంగ్లండ్ చర్చి పోప్ నుంచి విడిపోయి ప్రొటెస్టెంట్ బాట పట్టేదాకా, నడిచింది.

రెండు హెచ్చరికలు. కిటికీ వయసు గోడ వయసు కాదు. పాత గోడను పగలగొట్టి కొత్త కిటికీ పెట్టడం నిత్యం జరిగిన పని. పైగా 19వ శతాబ్దంలో ఈ శైలులన్నిటినీ చక్కగా అనుకరించారు; అంచులు మరీ పదునుగా, రాయి మరీ ఒకే తీరుగా ఉంటే అనుమానించండి.

నార్మన్ల కంటే ముందటి పని అని ఎలా గుర్తుపట్టాలి?

మూలల్లో ఒక పొడవు రాయి నిలువుగా, ఒక పలక రాయి అడ్డంగా మార్చి మార్చి పేర్చి ఉంటే అది సాక్సన్ల, అంటే నార్మన్లకు ముందు ఇంగ్లండ్‌లో ఉన్నవారి, పనితనం. ఎత్తుకు తగని సన్నని గోడలు, తల త్రికోణంగా ఉండే కిటికీలు కూడా ఆనవాళ్లే. నార్తాంప్టన్‌షైర్‌లోని ఎర్ల్స్ బార్టన్ టవర్ మీద ఇవి, వాటికి తోడు చెక్క చట్రాన్ని తలపించే రాతి పట్టీలు, అన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఎస్కోమ్ చర్చి గోడల్లో దగ్గరి బిన్‌చెస్టర్ రోమన్ కోట రాళ్లున్నాయి. ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్‌లో నిట్టనిలువుగా పాతిన ఓక్ దుంగల గోడను ఒకప్పుడు 9వ శతాబ్దానిదన్నారు. చెక్క వలయాల లెక్క దాన్ని 11వ శతాబ్ది ద్వితీయార్ధానికి తెచ్చింది. అయినా చెక్క చర్చిల్లో దానికి సాటి లేదు.

ఊళ్లో ఇరవై ఇళ్లు లేవు, చర్చి మాత్రం ఇంత పెద్దదేమిటి?

చర్చి కొలత జనాభాను కాదు, డబ్బును చెబుతుంది. 14, 15 శతాబ్దాలలో ఇంగ్లండ్ సంపదకు మూలం గొర్రె ఉన్ని, ఆ తరువాత ఉన్ని బట్ట. సఫోక్‌లోని లాంగ్ మెల్ఫర్డ్, లావెనమ్, గ్లోస్టర్‌షైర్‌లోని నార్త్‌లీచ్ అలాంటి వర్తకుల డబ్బుతో లేచిన చర్చిలు. నార్త్‌లీచ్ సమాధుల ఇత్తడి పలకల మీద వర్తకుల పాదాల కింద గొర్రె, ఉన్ని మూట చెక్కి ఉంటాయి. తమ సంపద ఎక్కడిదో దాచుకోవాలని వారికి తోచలేదు. నార్ఫోక్‌లోని సాల్ చర్చి జనంతో నిండిన రోజు బహుశా ఎన్నడూ లేదు. దాతల ఆశ ఆత్మశాంతి ప్రార్థనల మీద, కొంత పక్క ఊరితో పోటీ మీద. జనసంఖ్య వారి లెక్కలోనే లేదు.

చర్చి పొలాల మధ్య ఒంటరిగా ఎందుకుంది? ప్లేగు వల్లనా?

ప్రతి ఒంటరి చర్చికీ 1348-49 నాటి ప్లేగునే కారణంగా చెప్పడం అలవాటైపోయింది. నిజానికి ప్లేగు ఒక్కటే ఊరిని తుడిచిపెట్టడం అరుదు. యార్క్‌షైర్‌లోని వారమ్ పర్సీ ప్లేగు తరువాత కూడా నూరేళ్లకు పైగా బతికింది. 1500 ప్రాంతంలో భూస్వామి పొలాలను గొర్రెల మేతకు మార్చి చివరి కుటుంబాలను ఖాళీ చేయించాడు. 1950 నుంచి 1990 వరకు అక్కడ సాగిన తవ్వకాల్లో చర్చి చరిత్ర పొరలు పొరలుగా బయటపడింది: మొదట చెక్కది, తరువాత చిన్న రాతిది, ఊరు పెరిగినప్పుడు రెండు పక్కలా ఐల్‌లు, ఊరు తగ్గినప్పుడు వాటిని పడగొట్టి కమానులను మూసేయడం. ఇంకొన్ని చోట్ల ఊరే కొత్త బాట పక్కకు జరిగింది, లేదా చర్చిని మొదటి నుంచీ దొర బంగళా పక్కన కట్టారు.

నార్ఫోక్‌లో టవర్‌లు గుండ్రంగా ఉంటాయెందుకు?

ఇంగ్లండ్‌లో ఇలాంటివి సుమారు 180 ఉంటే 120కి పైగా నార్ఫోక్‌వే. ఆ ప్రాంతంలో దొరికేది గుప్పెడంత చెకుముకి రాయి. దానితో పదునైన మూల కట్టడం కష్టం, మంచి రాయి బయటి నుంచి తేవాలి. గుండ్రని టవర్‌కు మూలలే ఉండవు. ఈ వివరణ చక్కగా ఉన్నా సరిపోదు, ఎందుకంటే అదే చర్చిల నేవ్‌లకు మూలలున్నాయి. సముద్రం ఆవలి ఉత్తర జర్మనీలోనూ గుండ్రని టవర్‌లున్నందున అభిరుచికీ వాటా ఉందని నా అభిప్రాయం.

చూరు కింద అసభ్యమైన బొమ్మలు చెక్కారేమిటి?

చూరును మోసే రాతి కొయ్యల కొసలు చెక్కడం శిల్పులకు స్వేచ్ఛనిచ్చిన చోటు. కిల్పెక్‌లో అలాంటివి 80కి పైగా మిగిలాయి: కుక్క, కుందేలు పక్కపక్కన, వాద్యగాడు, రాక్షస ముఖాలు, రెండు చేతులతో తన మర్మాంగాన్ని చూపే స్త్రీ. కామం పాపమని హెచ్చరిక అని కొందరు, దృష్టి తగలకుండా పెట్టినదని కొందరు అంటారు. చెక్కినవారు రాసిపెట్టినది ఏదీ లేదు.

సమాధుల ఆవరణ చర్చి నేల కంటే ఎత్తుగా ఉందేం?

వందల ఏళ్ల పాటు అదే నేలలో మళ్లీ మళ్లీ సమాధి చేయడం వల్ల మట్టి పెరిగింది. పాత రోజుల్లో పేదల సమాధుల మీద రాయి ఉండేది కాదు కనుక పైకి కనిపించే రాళ్ల కంటే కింద ఉన్నవారు ఎన్నో రెట్లు. ఆ పెరిగిన మట్టి గోడను ఒరుసుకుని ఉండటం చెమ్మకు పెద్ద కారణం. అందుకే చాలాచోట్ల గోడ చుట్టూ కాలువ తవ్వి ఉంటుంది.

## లోపలికి అడుగు పెట్టాక

నేవ్, చాన్సెల్ రెండూ వేర్వేరు చర్చిల్లా ఎందుకున్నాయి?

రెండింటి ఖర్చు వేర్వేరు జేబుల్లోంచి వచ్చింది. బలిపీఠం ఉండే తూర్పు భాగం చాన్సెల్, జనం నిలిచే పడమటి భాగం నేవ్. 13వ శతాబ్ది నుంచి స్థిరపడిన ఆచారం ప్రకారం చాన్సెల్ మరమ్మతు దశమభాగం (పంటలో పదోవంతు) అందుకునే రెక్టర్‌ది, అంటే ఆ చర్చి గురువుది లేదా ఆ హక్కున్న మఠానిది; నేవ్ మరమ్మతు ఊరివారిది. ఊరు సంపన్నమై, దశమభాగం దూరపు మఠానికి పోతూ ఉంటే నేవ్ ఆకాశాన్ని అంటుతుంది, చాన్సెల్ పాతబడి కుంచించుకుపోయినట్టు ఉంటుంది. దీనికి విరుద్ధంగా చాన్సెల్ ఒక్కటే అందంగా ఉంటే, చదువుకున్న, డబ్బున్న రెక్టర్ ఒకరు అక్కడ ఉండేవారని ఊహించవచ్చు.

గోడలో ఇరుకు మెట్లున్నాయి, ఎక్కడికీ వెళ్లవు. ఎందుకు?

నేవ్‌కూ చాన్సెల్‌కూ నడుమ ఒకప్పుడు చెక్కతో చెక్కిన తెర, దాని మీద నడవదగిన అటక, ఆ పైన సిలువ మీది క్రీస్తు, ఇరుపక్కలా మరియ, యోహాను ప్రతిమలు ఉండేవి. మెట్లు ఆ అటకకు చేరేవి. 6వ ఎడ్వర్డ్ కాలంలో ప్రతిమలను తీసేశారు. 1561లో మొదటి ఎలిజబెత్ ఆజ్ఞ అటకలను దించమంది, కింది తెరను మాత్రం ఉంచమంది. రాతి మెట్లను పీకే శ్రమ ఎవరూ పడలేదు. తెరల్లో నార్ఫోక్‌లోని రాన్‌వర్త్‌ది పేరుపొందినది. దాని మీది పునీతుల చిత్రాలు ఇప్పటికీ రంగుల్లో ఉన్నాయి.

గోడలు మొదటి నుంచీ ఇలా తెల్లగానే ఉన్నాయా?

లేవు. మధ్యయుగంలో దాదాపు ప్రతి గోడా బొమ్మలతో నిండి ఉండేది. చాన్సెల్ కమాను పైన అంతిమ తీర్పు చిత్రం ఉండటం ఆనవాయితీ. 1540ల చివర నుంచి వాటి మీద సున్నం కొట్టారు. చెరిపేయాలని చేసిన ఆ పనే అనేక చిత్రాలను కాపాడింది. సఫోక్‌లోని వెన్హాస్టన్‌లో 1892లో మరమ్మతు చేస్తూ కమాను పైని సున్నం పట్టిన పాత చెక్క పలకలను పనికిరానివని పీకి బయట పడేశారు. రాత్రి వాన కురిసింది. తెల్లవారేసరికి సున్నం కరిగి, పలకల మీద నగ్నంగా లేచి వస్తున్న మృతులు, త్రాసు పట్టిన దేవదూత మిఖాయేలు కనిపించారు. ఇప్పుడు ఆ పలకలు చర్చిలోనే గోడకు ఉన్నాయి.

బాప్తిస్మపు తొట్టి చర్చి కంటే పాతదిగా ఉందే?

తరచుగా అలాగే ఉంటుంది. చర్చిని తిరిగి కట్టినా తాతలు బాప్తిస్మం పొందిన తొట్టిని పారేయడానికి ఊరు ఇష్టపడలేదు. అందుకే 15వ శతాబ్దపు చర్చిలో 12వ శతాబ్దపు తొట్టి సాధారణం. పసిబిడ్డను నీటిలో ముంచేవారు కనుక అది అంత లోతుగా ఉంటుంది. అంచున విరిగిన ఇనుప కొక్కేల గుర్తులుంటే అవి మూత తాళానివి: దీవించిన నీటిని మంత్రగాళ్లు ఎత్తుకుపోకుండా తాళం వేయాలని 13వ శతాబ్దంలో చర్చి అధికారులు ఆదేశించారు.

పైకప్పులోని దేవదూతలకు తుపాకీ గుండ్లు ఎందుకు తగిలాయి?

ఈ ప్రశ్న బ్లైత్‌బరా గురించి. 1644లో ప్యూరిటన్ల (చర్చిలో విగ్రహాలు, ఆడంబరం కూడదన్న కఠిన ప్రొటెస్టెంట్ల) ప్రతినిధి విలియం డౌసింగ్ విగ్రహాలను ధ్వంసం చేస్తూ ఆ చర్చికి వచ్చిన మాట నిజం. ఆయన మనుషులే దేవదూతలను కాల్చారని ఊరి కథ. చెక్కలో దొరికిన సీసపు రవ్వలు మాత్రం 18వ శతాబ్దంలో కప్పులో గూళ్లు పెట్టిన కాకి జాతి పక్షులను కొట్టడానికి వాడినవి. అసలు ఇలాంటి కప్పులు చూడటానికి ఒక చిన్న దుర్భిణి వెంట ఉండాలి. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని మార్చ్‌లో రెక్కలు విప్పిన దేవదూతలు వందకు పైగా ఉన్నారు. కింది నుంచి కంటితో చూస్తే గబ్బిలాల వరుసలా కనిపిస్తారు.

మధ్యయుగంలో కూర్చునే బల్లలు ఉండేవా?

తొలి రోజుల్లో లేవు. జనం నిలబడేవారు లేదా మోకరించేవారు, ముసలివారికి గోడ వెంట రాతి అరుగు ఉండేది. బల్లలు 15వ శతాబ్దంలో విస్తరించాయి. సోమర్‌సెట్‌లోని బ్రెంట్ నోల్‌లో బల్ల కొసల మీద మఠాధిపతి వేషం వేసిన నక్క, దానికి పట్టిన గతి చెక్కి ఉన్నాయి.

స్తంభాల మీద గీతలు, రాతలు ఉన్నాయి. పిల్లల పనా?

పాతవైతే కాదు. మధ్యయుగపు గోడల మీద ఓడలు, వృత్తాలు, పేర్లు, ప్రార్థనలు గీసి ఉంటాయి. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్ టవర్ గోడ మీద లాటిన్‌లో ఒకరు 1350 నాటి మహమ్మారిని గురించీ, మిగిలిన దీనజనాన్ని గురించీ, ఆ పైన 1361లో వచ్చిన పెనుగాలిని గురించీ గీకి పెట్టారు. టార్చిలైటును గోడకు పక్కగా, వాలుగా పట్టుకుంటే ఇలాంటివి తేలి కనిపిస్తాయి.

## అక్కడ వినిపించే కథలు

చాన్సెల్ పక్కకు ఒరగడం సిలువ మీద క్రీస్తు తల వాల్చినదానికి గుర్తా?

మధ్యయుగపు ఆధారం ఒక్కటీ లేదు. పాత గోడలు నిలిచి ఉండగానే వాటి చుట్టూ కొత్తవి కొలిచి కట్టేవారు. నడుమ చూపు అందక గీత తప్పేది. కుడికి ఒరిగినవీ ఎడమకు ఒరిగినవీ రెండూ ఉన్నాయి.

ఉత్తరపు తలుపు దయ్యం పోవడానికా?

బాప్తిస్మం వేళ బిడ్డను వదిలిన దయ్యం ఆ దారిన పోయేదని చెబుతారు. ఆ తలుపు వాడుక ఊరేగింపులకు. సంస్కరణ తరువాత ఊరేగింపులు ఆగాయి, చలిగాలి మాత్రం ఆగలేదు. అందుకని ఇటుకతో మూసేశారు.

కిందిగా ఉన్న చిన్న కిటికీ కుష్ఠు రోగుల కోసమా?

ఇది 19వ శతాబ్దపు, విక్టోరియా రాణి కాలపు ఊహ. కుష్ఠు రోగులను ఆవరణలోకే రానిచ్చేవారు కాదు. పూజలోని ముఖ్య ఘట్టంలో బయటివారికి వినబడేలా చేతిగంట మోగించడానికనేది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. లోపలి గోడకు ఏటవాలుగా కొట్టిన రంధ్రం వేరు; పక్క పీఠం దగ్గరి గురువుకు ప్రధాన పీఠం కనిపించడానికి అది.

సమాధి మీది రాతి యోధుడు కాలు మీద కాలు వేసుకుంటే క్రూసేడ్‌ అనే మతయుద్ధానికి వెళ్లినట్టేనా?

కాదు. అది 13, 14 శతాబ్దాల ఇంగ్లిష్ శిల్పుల పోకడ. క్రూసేడ్‌కు వెళ్లని వారూ అలా ఉన్నారు, వెళ్లినవారు కాళ్లు చాపుకునీ ఉన్నారు.

## మరమ్మతు, నిర్వహణ

విక్టోరియా కాలపు వారు చర్చిలను పాడు చేశారా, బాగు చేశారా?

రెండూ. 19వ శతాబ్ది ఆరంభానికి అనేక చర్చిలు కూలే స్థితిలో ఉన్నాయి. వారు కప్పులు వేయకపోతే ఈనాడు మనకు చూడటానికి మిగిలేవి కావు. కానీ 1839లో మొదలైన, చర్చి కట్టడాలను అధ్యయనం చేసిన కేంబ్రిడ్జ్ కామ్డెన్ సొసైటీ ప్రభావంతో 14వ శతాబ్దపు శైలి ఒక్కటే ఆదర్శమని నమ్మి, దానికి ముందువీ వెనుకవీ తీసేశారు, లోపలి గోడల గారను గీకి రాళ్లు బయటపెట్టారు. పల్లె చర్చిలో బయల్పడిన మొరటు రాతి గోడ పాతదనానికి గుర్తని చాలామంది మెచ్చుకుంటారు; మధ్యయుగపు తాపీ పనివాడు దాన్ని పూర్తికాని పని అనేవాడు. ఈ ధోరణిపై కోపంతోనే కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. పాతదాన్ని కొత్తగా చేయవద్దు, నిత్యం చూసుకుంటూ మరమ్మతు చేయండి అన్న దాని సూత్రమే నేటికీ ప్రమాణం.

సందుల్లో సిమెంటు పెడితే తప్పేమిటి?

పాత గోడ సున్నంతో కట్టినది. రాయిలో చేరిన నీరు మెత్తని సున్నపు సందుల గుండా ఆవిరై పోతుంది. గట్టి సిమెంటు ఆ దారి మూస్తే నీరు రాయిలోంచే బయటికి రావలసి వస్తుంది, దానితో వచ్చే ఉప్పు, గడ్డకట్టే చలి రాయి ముఖాన్ని పొరలుగా ఊడదీస్తాయి. సందు నిలిచి రాయి అరిగిపోయిన గోడ కనిపిస్తే కారణం ఇదే.

ఖర్చు ఎవరు భరిస్తారు? ఇష్టం వచ్చినట్టు మార్చవచ్చా?

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు సుమారు 16,000 చర్చి కట్టడాలున్నాయి, 12,000కు పైగా రక్షిత జాబితాలో ఉన్నవే. మరమ్మతు భారం ప్రధానంగా ఆ ప్యారిష్‌దే. పది పదిహేను మంది వచ్చే పల్లెలో సీసపు కప్పు దొంగల పాలైతే ఆ దెబ్బ నుంచి కోలుకోవడం కష్టం. 1955 చట్టంతో మొదలైన నియమం ప్రకారం అయిదేళ్లకోసారి వాస్తుశిల్పి తనిఖీ చేయాలి. బల్లలు తీయాలన్నా, పెద్ద మార్పు ఏది చేయాలన్నా డయోసిస్ (బిషప్ పరిధి) న్యాయాధికారి అనుమతి పొందాలి. గబ్బిలాలకు 1981 చట్టం రక్షణ ఉంది కనుక వాటిని తరిమేయడం కూడా కుదరదు.

ఆరాధన ఆగిపోయిన చర్చి ఏమవుతుంది?

కొన్ని ఇళ్లుగా, సభాస్థలాలుగా మారాయి. విలువైన వాటిని చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ తీసుకుంటుంది. 1969లో మొదలైన ఈ సంస్థ చేతిలో 350కి పైగా చర్చిలున్నాయి. 1957లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్‌లెస్ చర్చెస్ ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎవరూ పట్టించుకోని చిన్నవాటిని ఆదుకుంటుంది. ఎంపిక ఎప్పుడూ న్యాయంగా జరుగుతుందని చెప్పలేము. సాదాసీదా చర్చికి వాదించేవారు తక్కువ.

ఇంత పాత చర్చిలో కొత్త కళకు చోటుందా?

కెంట్‌లోని టూడ్లీ చూడండి. 1963లో పడవ ప్రమాదంలో మరణించిన కూతురి జ్ఞాపకంగా ఒక కుటుంబం తూర్పు కిటికీని చిత్రకారుడు మార్క్ షాగాల్ చేత చేయించింది. 1967లో దాన్ని అమర్చడానికి వచ్చిన షాగాల్ మిగతా కిటికీలు కూడా చేయడానికి ఒప్పుకున్నాడు. పన్నెండూ పూర్తయ్యేసరికి 1985 వచ్చింది, ఆయన మరణించిన సంవత్సరం. వాటికి చోటివ్వడానికి చాన్సెల్ నుంచి తీసిన విక్టోరియా కాలపు అద్దాలను పారేయలేదు. గురువులు దుస్తులు మార్చుకునే గదిలోకి మార్చారు.